నీటి పందికొక్కుల పక్షం

తొంభైమూడులో పెద్ద వరద వచ్చి మిసిసిపీ ఏటి నీళ్లు మా ఊరి పోస్టాఫీసు మెట్లెక్కాయి. ఇది ఆ తర్వాత రెండో ఏట జరిగిన సంగతి. మా వైపు ఏ సంగతికైనా ఏడాది చెప్పాలంటే వరదతోనే చెబుతారు. నేను పుట్టింది ఇరవైయేడు వరదకి మరుసటి ఏడు. బడి మానింది ముప్పైయేడు వరదకి. మానడమంటే, బడే మమ్మల్ని మానింది. పొయ్యి, గంట, బల్లలతో సహా కొట్టుకుపోయింది.

నా మనవరాలు కొరీన్‌కి ఈ సంగతినాటికి పదహారేళ్లు. దాని తల్లి నడీన్ నా కూతురు. ముసలివాళ్ల ఆశ్రమంలో సాయంత్రప్పూట పని చేస్తుంది. ముగ్గురం ఒకే కొంపలో ఉంటాం. కొరీన్ హైస్కూల్లో అమెరికా చరిత్ర చదువుతోంది. మామూలు చరిత్ర కాదు, పై తరగతి చరిత్ర. కాలేజీకి వెళ్లి చదవాల్సింది ముందే చదివేసి, మే నెలలో ఒక పెద్ద పరీక్ష రాయాలి. ఆ ప్రశ్నలు రాసేవాళ్లు ఎక్కడో ఉంటారు, దిద్దేవాళ్లు ఇంకెక్కడో ఉంటారు.

మా ఊరి బళ్లో చరిత్ర రెండంతస్తులు. కింది అంతస్తులో మామూలు చరిత్ర. దాన్ని ఫుట్‌బాల్ కోచ్ చెబుతాడు. మా దేశంలో ఆటలు గెలిపించేవాడికి బళ్లో పగటిపూట ఏదో ఒక పని చూపించాలి కనక ఏదో ఒకటి అప్పజెబుతారు. ఎందుకోగాని, లెక్కలు ఇవ్వరు, చరిత్రే ఇస్తారు. అక్కడ పిల్లలు మాప్‌లకి రంగులేస్తారు. ఆట ఉన్న వారం సినిమా చూస్తారు. పై అంతస్తులో పై తరగతి. అక్కడ పెన్‌ఫీల్డ్ వాళ్ల అబ్బాయి గ్రేసన్, బ్యాంకు మేనేజరు కూతురు, పళ్ల డాక్టరు గారి కవలలు, అలాంటి వాళ్లుంటారు. కిందనుంచి పైకి ఎక్కినవాళ్లను నేను చూడలేదు. పైనుంచి కిందికి మాత్రం మెట్లు బాగానే ఉన్నాయి.

మా టాకెట్ల ఇంట్లోంచి ఆ పై అంతస్తు ఎక్కింది కొరీనే. దానికి టీచరు కావాలని ఉంది. ఆ చదువు చెప్పే కాలేజీవాళ్లు పిల్ల మొహం చూడకముందు ఈ ఒక్క క్లాసు ఉందా లేదా అని చూస్తారట.

పైన చెప్పేది ఓగుల్స్‌బీ మాస్టారు. సెయింట్ లూయిస్ నుంచి వచ్చాడు. మెడకి సీతాకోకచిలుకలాంటి టై కట్టుకుంటాడు. మంచివాడే. మొదటి రోజున తల్లిదండ్రుల్ని పిలిచి, తాను చరిత్ర చెప్పనని, పరీక్ష చెబుతానని గర్వంగా ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. అంతర్యుద్ధం రెండు రోజుల్లో ముగించాడు. అందులో ఒక పూట, బళ్లో నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో సాధన అని గంట కొడితే పిల్లలంతా బయట గడ్డిలో నిలబడ్డారు.

ఆయన దగ్గర మూడు పెట్టెలుండేవి. రాజకీయం, ఆర్థికం, సామాజికం. లోకంలో ఏం జరిగినా ఆ మూడింట్లో ఒకదాంట్లో పడాలి. పడకపోతే అది జరగనట్టే. పెట్టెల్లో వేసి వ్యాసం రాస్తే ఒక్కో పెట్టెకి ఒక పాయింటు. ఆ చలికాలం మా ఇంట్లో అన్నం తినడం కూడా అలాగే అయింది. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె బల్ల మీద పెట్టగానే కొరీన్ వాటిని చూసి ఆర్థికం అనేది. తినేముందు దండం పెట్టుకుంటే సామాజికం. ఆఖరి రొట్టెముక్క ఎవరిదన్న తగువు వస్తే రాజకీయం. ఒక రోజు నడీన్ విసుగొచ్చి, మరి గిన్నెలు తోమడం ఏ పెట్టెలోకొస్తుందని అడిగింది. కొరీన్ ఆలోచించి, అది పరీక్షలో రాదని చెప్పింది.

పెట్టెలు దానికి బాగానే పట్టుబడ్డాయి. చిక్కంతా రెండో పక్షంతో వచ్చింది. ఓగుల్స్‌బీ మాస్టారి రూలు ఏమిటంటే, ఏ వ్యాసమైనా ముందు అవతలి పక్షానికి కొంత ఒప్పుకుని తర్వాత తన మాట చెప్పాలి. ఒప్పుకోకపోతే పాయింటు కోత. కొరీన్‌ది మా వంశం. జరిగింది రాసి ఆపేస్తుంది. బానిసల వ్యాపారం మీద వ్యాసంలో అవతలి పక్షానికి ఒక్క మాట ఇవ్వలేదని పాయింటు తీసేశాడు. ఎర్ర సిరాతో, రెండో పక్షం ఎక్కడ, అని రాశాడు. రెడిండియన్లను తరిమిన దాని మీదా అంతే. ఫిబ్రవరి వచ్చేసరికి దాని మార్కులు మెట్ల దగ్గరికి వచ్చేశాయి.

అప్పుడు మాస్టారు ఒక దారి చూపించాడు. కాగితపు ఆధారాలు అందరూ తెస్తారు, నువ్వు మనిషినే ఆధారంగా తీసుకురా, అన్నాడట. ముప్పైయేడు వరద చూసినవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే క్లాసుకి పిలుచుకురావాలి. పిల్లలు ప్రశ్నలడుగుతారు. దాని మీద వ్యాసం రాస్తారు. ఆ వ్యాసంతో కొరీన్ పైన ఉంటుందో కిందికి పోతుందో తేలిపోతుంది.

నాతో ఈ మాట చెప్పేటప్పుడు అది నా మొహం చూడలేదు.

"నువ్వు మాట్లాడాల్సి ఉంటుంది తాతా."

"ఎంతసేపు?"

"ఒక పీరియడ్."

"అబ్బో" అన్నాను. చొక్కా ఇస్త్రీ చేయమన్నాను.

*

గోడకి పెద్ద మాప్ ఉంది. దాని పక్కన కుర్చీ వేశారు. పిల్లల ముందు తలా ఒక కాగితాల కట్ట ఉంది. అందులో ఒకటి నుంచి ఆరు దాకా ఆధారాలు ఉన్నాయి. నేను ఏడోది. బోర్డు మీద అలాగే రాశారు, ఏడో ఆధారం, వి. టాకెట్ అని. వి అంటే వెర్లిన్, నా పేరు.

మొదటి ఆధారం ఆనాటి మా ఊరి పత్రిక. కరకట్టకు గండి, నీటి పందికొక్కుల బొరియలే కారణం అని పైన పెద్ద అక్షరాలు. నీటి పందికొక్కంటే మా ఏటి పొడుగునా ఉండే జీవం. గోధుమ రంగు బొచ్చు, సన్నని తోక. గట్టులో బొరియ చేసుకుని కాపురముంటుంది. ఇప్పటికీ కరకట్ట సంఘం వాళ్లు వాటిని పట్టడానికి నన్ను పెట్టుకున్నారు. కాబట్టి ఆ అక్షరాలు చూసి నాకేం ఆశ్చర్యం కలగలేదు. చిన్నప్పటినుంచి విన్నదే.

పిల్లలు ప్రశ్నలు ముందే రాసుకొచ్చారు. ఆ ప్రశ్నలకి నేను చెప్పాల్సిన జవాబులు కూడా వాళ్ల మొహాల్లో రాసే ఉన్నాయి. మొదట మాస్టారే మొదలుపెట్టాడు.

"టాకెట్ గారూ, ఆ వరదతో మీ సమాజం ఎలా మారింది?"

"తడిసింది."

అందరూ రాసుకున్నారు.

ప్రభుత్వం మీద నమ్మకం పెరిగిందా తగ్గిందా అని పళ్ల డాక్టరు కవలల్లో ఒకడు అడిగాడు. ప్రభుత్వం మా వైపు రాలేదని చెప్పాను. రేడియోలో అధ్యక్షుడి మాటలు వింటే ఏమనిపించిందని బ్యాంకు మేనేజరు కూతురు అడిగింది. మాకు రేడియో లేదన్నాను. ఆ పిల్ల పాపం కొంచెంసేపు ఇబ్బంది పడి, సమాచార సాధనాలకు దూరం, అని రాసుకుని ఆర్థికం పెట్టెలో వేసింది. తర్వాత కాసేపు ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. గడియారం వినబడింది. అప్పుడు రెండో కవల చెయ్యెత్తి, ఆయన మాట్లాడకపోవడం కూడా ఆధారమే కదా సార్ అన్నాడు. మాస్టారు పొంగిపోయాడు. మౌనం, అని బోర్డు మీద రాసి, సామాజికం, అన్నాడు. నోరు మూసుకుని కూర్చున్నందుకు నన్నొకరు మెచ్చుకోవడం అప్పుడే చూశాను.

కొరీన్ అంతవరకు ఏమీ అడగలేదు. దాని ముందు ప్రశ్నల కాగితం ఉంది. దాన్ని పక్కకి తోసింది.

"తాతా, కరకట్ట ఎలా పోయింది?"

ఇంట్లో ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. దాచిందేం లేదు. కరకట్ట కింద మా పల్లంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఊళ్లో వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు, అంతే. గ్రేసన్ పెన్‌ఫీల్డ్ రెండో వరసలో కూర్చున్నాడు. వాళ్ల ముత్తాత పేరు బడి వ్యాయామశాల మీద ఇంతింత అక్షరాలతో ఉంది. నేను వాణ్ని చూసి, తర్వాత కొరీన్‌ను చూశాను. నా నోటిమాటతో దాన్ని మెట్లు దించేస్తానేమో అనుకున్నాను. కాని అడిగింది అదే.

"తవ్వారు" అన్నాను.

"ఎవరు?"

"నలుగురు. పారలతో. పెద్ద పెన్‌ఫీల్డ్ గుర్రం మీద కూర్చుని ఎక్కడ తవ్వాలో చూపించాడు. నీళ్లు మా పల్లంలోకి వదిలితే ఊరూ, ఆయన పత్తి మిల్లూ నిలుస్తాయి. పట్టపగలే. మధ్యాహ్నం తిండికి ఆగారు. సార్డీను చేపల డబ్బా విప్పుకున్నారు. నాకూ ఒక ఉప్పుబిస్కెట్ మీద ఒక చేప పెట్టిచ్చారు. తిన్నాక మళ్లీ తవ్వారు."

నేను అంత పొడుగు మాట్లాడి చాలా ఏళ్లయింది. గదిలో పెన్సిళ్లు ఆగిపోయాయి. ఇప్పుడేదో అవుతుందనుకున్నాను.

మొదటి కవల చెయ్యెత్తాడు.

"సార్, సార్డీన్లు ఏ పెట్టెలో వేయాలి?"

"ఆర్థికం" అన్నాడు మాస్టారు.

పెన్సిళ్లు మళ్లీ కదిలాయి. గ్రేసన్ చెవులు ఎర్రబడ్డాయిగాని మర్యాద తెలిసిన పిల్లాడు, వాడూ చెయ్యెత్తాడు. నావైపు కాకుండా బోర్డువైపు చూసి మాట్లాడాడు.

"ఈ ఆధారం తొమ్మిదేళ్ల పిల్లవాడి జ్ఞాపకం. పైగా కౌలుదారు కుటుంబం. భూమి యజమాని మీద కోపం ఉండొచ్చు. కాబట్టి దీని మీద నమ్మకం తక్కువ పెట్టుకోవాలి." అప్పుడు నావైపు తిరిగాడు. "మిమ్మల్ని అనడం కాదండీ."

"పర్లేదు బాబూ."

"వాళ్లు గట్టు బలపరచడానికే మట్టి తీస్తున్నారేమో కదండీ?"

"కావచ్చు" అన్నాను. "నీళ్లు అలా అనుకోలేదు."

ఆధారం ఎవరిదో, ఎందుకు చెబుతోందో గ్రేసన్ ఎంత చక్కగా పట్టాడో చూడండని మాస్టారు క్లాసంతటికీ చెప్పాడు. చెప్పి సుద్దముక్కతో బోర్డు మధ్యలో ఒక గీత గీశాడు. ఒక పక్క పారల పక్షం అని, రెండో పక్క పందికొక్కుల పక్షం అని రాశాడు. ఆయన కళ్లు మెరిశాయి. ఏడాదంతా వెతికినా ఇంత సమంగా తూగే రెండు పక్షాలు దొరకవట. శుక్రవారం వ్యాసం, ముప్పైయేడు గండికి కారణమేమిటి. రెండు పక్షాలకీ న్యాయం జరగాలి.

నన్ను వరండా దాకా సాగనంపుతూ, కొరీన్‌తో నా ముందే అన్నాడు. "ఈసారీ నీ వ్యాసంలో అవతలి పక్షం లేకపోతే సోమవారం నువ్వు కోచ్ గారి క్లాసులో ఉంటావమ్మా. నాకు ఇష్టమై కాదు."

*

ఆ సాయంత్రం నేను బోనులు చూసుకోవడానికి కరకట్ట మీదికి పోతుంటే కొరీన్ వెనకాల వచ్చింది. ఏటి మీద చలిగాలి.  గట్టు ఎక్కాక అందుకుంది.

"నీకు కోపం రాలేదా తాతా?"

"ఎందుకు?"

"నిన్ను ఏడో నంబరు ఆధారం అన్నారు."

"ఇదివరకు ఏ నంబరూ లేదు."

"నవ్వించకు. నేను పందికొక్కుల గురించి ఒక్క ముక్క రాయను. తవ్వారు, మా తాత చూశాడు. ఇంతే రాసి కాగితం ఆయన మొహాన కొట్టొస్తా."

"కొడితే?"

"కిందికి పోతా. మాప్‌లకి రంగులేసుకుంటా."

"నీకు రంగులేయడం రాదు. చిన్నప్పుడు చూశాగా, గీత దాటేస్తావు."

అది ఆగిపోయింది. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, గాలికని చెప్పుకోవచ్చు. "మరి అబద్ధం రాయమంటావా? నువ్వు చూశావా, లేదా?"

"చూశాను."

"మరి?"

"పందికొక్కుల పక్షం రాయమన్నాడు మీ మాస్టారు. రాయి. ఇన్నేళ్లూ ఆ పేరే చెప్పారుగాని, వాటినెవడూ అడగలేదు."

నేను అన్నది అంతే. అంతకుమించి నాకు తెలియదు. బోను దగ్గరికి వచ్చాం. అందులో ఒక పందికొక్కు పడి ఉంది. మమ్మల్ని చూసి మూలకి నక్కి, పళ్లు టకటకలాడించింది. కొరీన్ మోకాళ్ల మీద కూర్చుని దాన్ని అలా చూస్తూ ఉండిపోయింది.

"దీనికి ఓటుందా తాతా?"

"ఎవడిస్తాడు?"

"పత్తి పొలం?"

"లేదు."

"మరి ఇల్లు?"

నేను కాలితో గట్టు చూపించాను. "ఇదే. పెళ్లాం, పిల్లలు, అందరూ ఇందులోనే."

అది నవ్వడం మొదలుపెట్టింది. ముందు ముక్కుతో, తర్వాత గట్టిగా. పందికొక్కు భయపడింది. కొరీన్ లేచి, ఇంటికి పోవాలి తాతా అని, నన్ను వదిలేసి గట్టు దిగి పరిగెత్తింది. నేను బోనులో ఉన్నదాన్ని గోనెలో వేసుకున్నాను.

శుక్రవారం వ్యాసం రాసింది. సోమవారం ఎవరూ దాన్ని కిందికి దింపలేదు. ఏమయిందని అడిగితే, మంగళవారం బళ్లో తల్లిదండ్రుల్ని పిలిచే సాయంత్రానికి నువ్వే రా అంది.

*

ఆ సాయంత్రాలు పెన్‌ఫీల్డ్ వ్యాయామశాలలో జరుగుతాయి. నడీన్‌కి పని ఉంది కనక నేనే వెళ్లాను. ఒక మూల బల్ల మీద బిస్కెట్లు, ఎర్రటి షర్బత్తు. గోడలకి పిల్లల పనులు అంటించారు. కొరీన్ వ్యాసం మధ్యలో ఉంది. పైన మెప్పుగా బంగారు రంగు నక్షత్రం అంటించారు. నాకు చదవడం నెమ్మది. కాని ఎవరూ తొందరపెట్టలేదు, నిలబడి చదివాను.

నీటి పందికొక్కుల మీద వచ్చిన ఆరోపణని తేలిగ్గా తీసేయకూడదని మొదలుపెట్టింది. అవి గట్టుల్లో బొరియలు చేసే మాట వాస్తవమే అని ఒప్పుకుంది. ఆ తర్వాత ఎంతో మర్యాదగా వాటి పక్షాన నిలబడింది. రాజకీయంగా చూస్తే, వాటికి ఓటు లేదు. కరకట్ట సంఘంలో ఏ కాలంలోనూ ఒక్క పందికొక్కు సభ్యుడిగా లేదు. ఏ గట్టు ఉంచాలో, ఏ గట్టు తెంచాలో నిర్ణయించే అధికారం వాటికి ఎవరూ ఇవ్వలేదు. ఆర్థికంగా చూస్తే, వాటికి పత్తి మిల్లు లేదు. పల్లం మునిగితే వాటికి మిగిలే పత్తి బేలు ఒక్కటీ లేదు. సామాజికంగా చూస్తే, అవి పిల్లాపాపలతో ఆ గట్టులోనే కాపురముంటాయి. తన కొంప మీదికి తానే నీళ్లు తెచ్చుకునే జాతి లోకంలో లేదు. ఏడో ఆధారం ప్రకారం తవ్వినవాళ్లు మధ్యాహ్నం సార్డీన్ల డబ్బా విప్పుకుని తిన్నారు. డబ్బా విప్పడం పందికొక్కుల వల్ల కాదు. మొదటి ఆధారం రాసిన పత్రిక యజమాని పెన్‌ఫీల్డ్ గారి బావమరిది. ఆయన పందికొక్కుల మాట తీసుకున్నట్టు ఎక్కడా కనబడదు.

అంచు పొడుగునా ఎర్ర సిరా టిక్కులు. రాజకీయం, టిక్కు. ఆర్థికం, టిక్కు. కింద మాస్టారి దస్తూరీతో, అవతలి పక్షానికి పూర్తి న్యాయం, అని ఉంది.

ఓగుల్స్‌బీ మాస్టారు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆఖరికి పట్టుకుందండీ, అవతలి పక్షానికి మూడు పేరాలిచ్చింది, అన్నాడు.

"మరి గట్టు?" అన్నాను.

"ఏ గట్టు?"

"ఎవరు తవ్వారని తేలింది?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అది కాదండీ ముఖ్యం. వాదన ముఖ్యం. ఎవరు తవ్వారన్న దానికి పరీక్షలో పాయింట్లుండవు."

సరేనన్నాను.

అప్పుడే గ్రేసన్ తల్లి వచ్చింది. మెరెడిత్ పెన్‌ఫీల్డ్. ముత్యాల దండ, పొడుగు కోటు. వచ్చి కొరీన్ వ్యాసం ముందు ఆగింది. కళ్లజోడు తీసి పెట్టుకుంది. పైనుంచి కింది దాకా చదివింది. ఆమె తలకి సరిగ్గా పైన, గోడ మీద, ఆ ఇంటి పేరు ఇత్తడి అక్షరాల్లో ఉంది. కొరీన్ షర్బత్తు బల్ల దగ్గరనుంచి చూస్తోంది. గ్లాసు నోటి దగ్గరే ఆపేసింది. ఆవిడ ఒక్క మాటంటే చాలు, ఆ కాగితం గోడ మీదినుంచి దిగుతుంది, దాని వెనకే పిల్ల కూడా దిగుతుంది. ఇది నాకు తెలుసు, కొరీన్‌కి తెలుసు, మాస్టారికి అప్పుడే తెలిసినట్టుంది. ఆయన టై సర్దుకున్నాడు.

ఆవిడ కళ్లజోడు తీసింది.

"ఓగుల్స్‌బీ గారూ, మావాడికి ఒక పాయింటు ఎందుకు తగ్గింది?"

మాస్టారికి ఊపిరొచ్చింది. "గ్రేసన్ చాలా బాగా రాశాడండీ. కాకపోతే అవతలి పక్షం లేదు. అంతా పందికొక్కులే అన్నాడు. పారలకి కూడా కొంత ఇచ్చి ఉండాల్సింది."

"ఈ అమ్మాయికి పూర్తిగా వచ్చాయి."

"ఈ అమ్మాయి ఇచ్చిందండీ."

"ఇప్పుడు తిరగరాస్తే?"

"కలుపుతాను."

ఆవిడ కొడుకుని వేలితో పిలిచింది. వాడు నోట్లో బిస్కెట్టుతో వచ్చాడు.

"ఇంటికెళ్లగానే తిరగరాయి. మీ ముత్తాత దగ్గరుండి గట్టు తవ్వించాడని ఒక పేరా పెట్టు."

"అమ్మా, ఆయన అలా చెయ్యలేదు."

"చేశాడో లేదో తర్వాత చూసుకుందువుగాని. ముందు పాయింటు తెచ్చుకో. గుర్రం మీద కూర్చున్నాడట, అదీ రాయి. వివరంగా ఉంటే బాగుంటుంది." నావైపు చూసింది. "ఆయన ఉన్నాడుగా, అడుగు."

గ్రేసన్ నా దగ్గరికి వచ్చాడు. బిస్కెట్టు మింగాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"గుర్రం ఏ రంగండీ?"

"బూడిద రంగు."

అరచేతి మీద రాసుకున్నాడు. థాంక్యూ అండీ అన్నాడు. వాళ్లమ్మ నాకు చెయ్యిచ్చి, మీ మనవరాలి గురించి మీరు గర్వపడాలి అంది. అవునన్నాను. చెయ్యి చల్లగా, మెత్తగా ఉంది. ఆవిడ వెళ్లిపోతూ మాస్టారితో, మే నెల పరీక్షకి ఇంకా ఎన్ని ఇలాంటి పాయింట్లున్నాయో ఒకసారి చెప్పండని అడగడం వినబడింది.

ముప్పైయేడులో మా పల్లంలో కొంపలు పోయాయి, మా కంచరగాడిద పోయింది, మా అమ్మ కుట్టుమిషను పోయింది. అరవై ఏళ్లకి దగ్గరపడ్డాక పెన్‌ఫీల్డ్ ఇంటివాడు తన చేత్తో ఆ మాట రాయబోతున్నాడు. మావాళ్లు ఇన్నాళ్లూ ఊరికే నోరు మూసుకున్నారు. వాళ్లకి పాయింటు ఇస్తామని చెప్పి ఉండాల్సింది. అప్పుడు ఆ సంగతి మాకు తెలియదు.

ఇంటికి వచ్చేటప్పుడు బండి కొరీనే నడిపింది. సంతోషంతో స్టీరింగు మీద దరువేస్తోంది. కొంచెం దూరం వచ్చాక అడిగింది.

"గుర్రం నిజంగా బూడిద రంగేనా తాతా?"

"ఏమో. బురదలో ఉంది."

అది రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పి నన్ను చూసింది. రోడ్డు చూడమన్నాను.

మర్నాడు పొద్దున కరకట్ట మీదికి వెళ్లాను. ఏటి మీద పొగమంచు. నాలుగో బోనులో ఒకటి పడి ఉంది, బలిసిన ముసలిది. గోనె తీశాను. మళ్లీ చంకలో పెట్టుకున్నాను. బోను తలుపెత్తి పట్టుకున్నాను. అది కదల్లేదు, నన్ను నమ్మలేదు. తప్పులేదు. బోను వంచితే జారి గడ్డిలో పడి, ఒళ్లు దులుపుకుని, తొందరేమీ లేనట్టు నీళ్లలోకి నడిచి పోయింది. అది చేసిన బొరియ గట్టులో నా పిడికిలంత ఉంది. బండిలోంచి పార తెచ్చి పూడ్చేశాను. మట్టి కాలితో తొక్కి గట్టిపరిచాను.